విరిగే విషం, విరగని ఫ్లోరైడ్

పశ్చిమ ఆస్ట్రేలియాలో నైరుతి మూల అడవులు వసంతం రాగానే పసుపు, నారింజ రంగు పూలతో నిండిపోతాయి. అందులో చాలా పొదలు చిక్కుడు కుటుంబానికి చెందిన గాస్ట్రోలోబియం జాతులవి. ఆకు లేతగా ఉంటుంది, పశువు ఇష్టంగా కొరుకుతుంది. కొన్ని గంటల్లో ఆ పశువు వణికి, గుండె ఆగి పడిపోతుంది. అదే పొద దగ్గర అదే ఆకు తిన్న కంగారూ మాత్రం ఏమీ కానట్టు గెంతుకుంటూ పోతుంది.

1829లో స్వాన్ నది ఒడ్డున బ్రిటిష్ వారు వలస పెట్టిన కొద్ది ఏళ్ళకే ఈ తేడా వాళ్ళ అనుభవంలోకి వచ్చింది. తీరం నుంచి యార్క్ వైపు గొర్రెలను తోలుకుపోతుంటే మందలు దారిలోనే చనిపోయేవి. ఏదో రోగం తగిలిందనుకున్నారు. అక్కడ స్థిరపడిన వృక్షశాస్త్రవేత్త జేమ్స్ డ్రమ్మండ్ 1840 ప్రాంతంలో అనుమానం ఉన్న మొక్కలను జంతువులకు మేపి చూశాడు. రోగం కాదు, ఆకే చంపుతోందని తేల్చాడు. అప్పటి నుంచి రైతులు ఆ పొదలకు పెట్టిన పేర్లన్నీ విషంతోనే ముగుస్తాయి: యార్క్ రోడ్ పాయిజన్, బాక్స్ పాయిజన్, హార్ట్‌లీఫ్ పాయిజన్.

ఆ విషం ఏమిటో తెలియడానికి మరో వందేళ్ళు పట్టింది. జవాబు కూడా ఆస్ట్రేలియా నుంచి కాదు, దక్షిణాఫ్రికా నుంచి వచ్చింది. అక్కడ పశువులను చంపే గిఫ్‌బ్లార్ అనే మొక్కలోంచి జె.ఎస్.సి. మారే అనే రసాయన శాస్త్రవేత్త 1943లో ఫ్లోరోఎసిటేట్‌ను వేరుచేశాడు. ఆ తర్వాత ఆస్ట్రేలియా పొదల్లోనూ అదే దొరికింది. క్వీన్స్‌లాండ్, నార్తర్న్ టెరిటరీ సరిహద్దులో జార్జినా నది పరీవాహకంలో పెరిగే జార్జినా గిడ్జీ అనే తుమ్మ జాతి చెట్టులో కూడా అదే ఉన్నట్టు 1961లో బయటపడింది.

ఫ్లోరైడ్ అనగానే తెలుగువారికి నల్గొండ, కనిగిరి, దర్శి, పొదిలి గుర్తుకొస్తాయి. వంకర తిరిగిన కాళ్ళు, గోధుమ చారల పళ్ళు కళ్ళ ముందు మెదులుతాయి. ఆస్ట్రేలియాలో గొర్రెను చంపే ఆకుకూ, నల్గొండ జిల్లా మర్రిగూడలో మనిషి నడుము వంచిన బోరునీటికీ మూలం ఒకే మూలకం, ఫ్లోరిన్. రెండు చోట్లా అది ఉండే రూపం వేరు. ఆ రూపాల తేడా తెలిస్తే, 'మొక్కలతో ఫ్లోరైడ్ తీసేస్తాం, సూక్ష్మజీవులతో నేల శుభ్రం చేస్తాం' అన్న మాట ఎక్కడ నిజమో, ఎక్కడ ఆశ మాత్రమేనో తెలుస్తుంది. ఈ విషయంలో ఆస్ట్రేలియా అంత వివరంగా పాఠం చెప్పగల దేశం మరొకటి లేదు.

మొక్క చేసే పని ముందు చూడాలి. నేలలో ఏ కొంచెమో ఉన్న ఫ్లోరైడ్‌ను గాస్ట్రోలోబియం వేరుతో పీల్చుకుని, కార్బన్‌కు గట్టిగా కట్టేస్తుంది. కార్బన్ ఇతర మూలకాలతో కట్టుకునే ఏక బంధాల్లో ఫ్లోరిన్‌తో కట్టుకునేదే అత్యంత బలమైనది. ఆ ముడితో తయారైన ఫ్లోరోఎసిటేట్ అణువు చూడటానికి వెనిగర్‌లోని ఎసిటేట్ లాగే ఉంటుంది. శరీరం దాన్ని ఆహారమే అనుకుని తీసుకుంటుంది. కణం లోపలికి వెళ్ళాక అది ఫ్లోరోసిట్రేట్‌గా మారి, శక్తి పుట్టించే చక్రంలో అకోనిటేజ్ అనే ఎంజైమ్‌లో తాళం రంధ్రంలో విరిగిన చెవిలా ఇరుక్కుంటుంది. ఇక కణానికి శక్తి అందదు. ఆక్స్‌ఫర్డ్ జీవరసాయన శాస్త్రవేత్త రుడాల్ఫ్ పీటర్స్ దీన్ని వివరిస్తూ, శరీరం తన చావును తానే తయారు చేసుకుంటోందన్న అర్థంలో ఒక పేరు కూడా పెట్టాడు.

గొర్రెను చంపడానికి దాని బరువులో కిలోకు అర మిల్లీగ్రాము చాలు. కొన్ని గాస్ట్రోలోబియం జాతుల ఎండుటాకులో కిలోకు 2,000 మిల్లీగ్రాములకు పైగా ఈ విషం ఉంటుంది. అంటే 40 కిలోల గొర్రెకు పది గ్రాముల ఎండుటాకు ఎక్కువే.

మరి కంగారూ ఎలా బతికింది? తరతరాలుగా ఆ పొదల మధ్యే పుట్టి పెరిగిన జంతువులు ఆ విషానికి ఓర్చుకునేలా మారాయి. ఆస్ట్రేలియా తూర్పున ఉండే బ్రష్‌టెయిల్ పోసమ్‌తో పోలిస్తే, అదే జాతికి చెందిన నైరుతి మూల పోసమ్ వంద రెట్లకు పైగా మోతాదును తట్టుకుంటుంది. ఈము పక్షిదీ అదే దారి. లారీ ట్విగ్, డెనిస్ కింగ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఏళ్ళ తరబడి ఒక్కొక్క జంతువునే తీసుకుని ఈ లెక్కలు తేల్చారు. ఆస్ట్రేలియా ప్రభుత్వాలు ఆ తేడానే ఆయుధంగా మార్చుకున్నాయి. బయటి నుంచి తెచ్చిన కుందేళ్ళు, నక్కలు దేశాన్ని కొల్లగొడుతుంటే, 1950ల నుంచి '1080' పేరుతో సోడియం ఫ్లోరోఎసిటేట్‌ను ఎరలో కలిపి పెడుతున్నారు. 1996లో పశ్చిమ ఆస్ట్రేలియా మొదలుపెట్టిన 'వెస్టర్న్ షీల్డ్' కార్యక్రమం నక్కలను తగ్గించి చిన్న చిన్న స్థానిక జంతువులను కాపాడుతున్నది ఈ మందుతోనే. స్థానిక జంతువుకు ఓర్పు ఉంది, నక్కకు లేదు.

ఇక్కడ ఒక సందేహం రావాలి. వేల ఏళ్ళుగా విషపు ఆకులు రాలుతున్నాయి, డెబ్బై ఏళ్ళుగా ఎరలు పెడుతున్నారు. మరి నేలంతా విషమయం కాలేదెందుకు?

నేలలో దాన్ని తినేవాళ్ళున్నారు. 1990ల మొదట్లో పశ్చిమ ఆస్ట్రేలియా మట్టిలోంచి శాస్త్రవేత్తలు కొన్ని బాక్టీరియాలను, బూజులను వేరుచేసి చూశారు. సూడోమోనాస్, ఫ్యుసేరియం లాంటివి ఫ్లోరోఎసిటేట్‌లోని ఆ బలమైన ముడిని నీటి సాయంతో తెంపుతున్నాయి. అందుకు వాటి దగ్గర డీహాలోజనేజ్ అనే ఎంజైమ్ ఉంది. ముడి తెగాక మిగిలేది గ్లైకోలేట్ అనే మామూలు పదార్థం. దాన్ని సూక్ష్మజీవి ఆహారంగా వాడుకుంటుంది. ఫ్లోరిన్ మాత్రం ఫ్లోరైడ్ అయానుగా బయటపడుతుంది. ఈ చివరి వాక్యం చాలా ముఖ్యం, ముందు ముందు దీనితోనే పని.

న్యూ సౌత్ వేల్స్‌లోని ఆర్మిడేల్ పట్టణంలో న్యూ ఇంగ్లండ్ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడి కీత్ గ్రెగ్ బృందానికి వచ్చిన ఆలోచన సాహసమైనది. మట్టిలోని బాక్టీరియా చేసే పనిని గొర్రె కడుపులోనే చేయించలేమా? నెమరు వేసే జంతువు తిన్న ఆకు ముందుగా చేరేది రూమెన్ అనే పెద్ద పొట్టలోకి. అక్కడ కోట్లాది సూక్ష్మజీవులు గడ్డిని పులియబెడుతూ ఉంటాయి. వాటిలో ఒకదానికి విషం విరిచే విద్య నేర్పితే, విషం రక్తంలోకి పోకముందే పని ముగుస్తుంది. మొరాక్సెల్లా అనే మట్టి బాక్టీరియా నుంచి ఆ ఎంజైమ్ జన్యువును తీసి, రూమెన్‌లో ఉండే బ్యూటిరివిబ్రియో ఫైబ్రిసాల్వెన్స్ అనే బాక్టీరియాలో పెట్టారు. 1994లో ఆ బాక్టీరియా ప్రయోగశాలలో విషాన్ని విరిచింది. 1998లో దాన్ని గొర్రెల పొట్టలోకి ఎక్కించి, ఆ గొర్రెలకు ఫ్లోరోఎసిటేట్ ఇచ్చి చూశారు. వాటిలో విష లక్షణాలు బాగా తగ్గాయి. ఎక్కించని గొర్రెలు తీవ్రంగా దెబ్బతిన్నాయి.

ఇంత బాగా పనిచేసిన బాక్టీరియా రైతు చేతికి మాత్రం చేరలేదు. జన్యువు మార్చిన జీవి ఒకసారి బయటికి వెళితే వెనక్కి పిలవలేం. అది అడవి మేకల్లోకి, కుందేళ్ళలోకి పాకితే 1080 ఎర వాటి మీద పనిచేయడం మానేస్తుంది. పశువును కాపాడబోయి, స్థానిక జంతువులను కాపాడే మందును పోగొట్టుకోవలసి వస్తుంది. ఆ భయం వట్టిది కాదు. ఆస్ట్రేలియా ఆ పని ఆపడం సరైన నిర్ణయమే.

జన్యుమార్పు లేకుండా అదే పని చేసే జీవి ఎక్కడైనా సహజంగానే ఉందా? బ్రిస్బేన్‌లో జాతీయ పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్‌ఓ, క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు వెతుకుతూ పోయారు. 2012లో వారు ప్రచురించిన ఫలితం ఆశ్చర్యపరిచింది. ఆవు రూమెన్‌లోనే ఒక బాక్టీరియా దొరికింది. సినర్జిస్టెటీస్ అనే వర్గానికి చెందిన దానికి ఎంఎఫ్ఏ1 అని గుర్తు పెట్టారు. గాలి తగలని చోట ఫ్లోరోఎసిటేట్‌ను విరవగల బాక్టీరియాను గుర్తించడం అదే మొదటిసారి. అది విరిచే తీరు కూడా మట్టి బాక్టీరియాలకు భిన్నం. హైడ్రోజన్‌ను వాడుకుని ఫ్లోరిన్‌ను పక్కకు తోసి, మామూలు ఎసిటేట్‌ను మిగులుస్తుంది. ఆ పనిలో దానికి శక్తి కూడా దక్కుతున్నట్టుంది. మరికొన్ని శాకాహార జంతువుల పేగుల్లోనూ ఈ బాక్టీరియా కనిపించింది, కానీ చాలా తక్కువ సంఖ్యలో. ఆ సంఖ్య పెంచడమే తర్వాతి సవాలు. ఈలోగా జార్జినా నది ప్రాంతపు పశుపోషకులు విషపు చెట్లున్న మేతబీళ్ళకు కంచె వేసుకుంటున్నారు, ప్రమాద కాలంలో మందను దూరంగా మళ్ళిస్తున్నారు.

ఇంతవరకు చెప్పింది విజయగాథ. విషం ఒక అణువు. అణువును విరవవచ్చు. విరిస్తే విషం పోతుంది. గొర్రె పొట్టలో విడుదలయ్యే ఫ్లోరైడ్ మిల్లీగ్రాముల్లో ఉంటుంది, గొర్రె దాన్ని తట్టుకుంటుంది.

మరి సమస్య ఆ ఫ్లోరైడే అయినప్పుడు?

ఫ్లోరైడ్ అయాను ఫ్లోరిన్ మూలకపు అయాను. దాన్ని ఇంకా విరిచేందుకు ఏమీ లేదు. ఏ బాక్టీరియా దాన్ని కార్బన్ డైఆక్సైడ్‌గా, నీరుగా మార్చలేదు. చమురు చిందిన నేలను సూక్ష్మజీవులు శుభ్రం చేస్తాయంటే అర్థం ఉంది, అవి చమురును తిని లేకుండా చేస్తాయి. ఫ్లోరైడ్‌ను తినే జీవి లేదు. సూక్ష్మజీవులకు నిజానికి అదంటే భయం. 2012లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో రొనాల్డ్ బ్రేకర్ బృందం తేల్చింది ఇదే: ఎన్నో బాక్టీరియాల్లో ఫ్లోరైడ్ జాడ పసిగట్టే ఆర్‌ఎన్‌ఏ మీట ఒకటుంది. ఫ్లోరైడ్ లోపలికి చొరబడగానే ఆ మీట పడి, దాన్ని బయటికి నెట్టేసే ప్రొటీన్ల తయారీ మొదలవుతుంది. అంటే బాక్టీరియా ఫ్లోరైడ్‌ను దాచుకోదు, తిరిగి నీళ్ళలోకే పంపుతుంది.

ఫ్లోరైడ్‌తో నేరుగా తలపడిన ఆస్ట్రేలియా అనుభవానికి కర్రీ కర్రీని చూడాలి. న్యూ సౌత్ వేల్స్‌లోని హంటర్ లోయలో ఆ ఊరి దగ్గర 1969లో అల్యూమినియం కరిగించే కర్మాగారం మొదలైంది. చివరికి హైడ్రో కంపెనీ చేతికి వచ్చి, 2012లో ఉత్పత్తి ఆగిపోయింది. అల్యూమినియం తీయాలంటే క్రయోలైట్ అనే ఫ్లోరిన్ లవణం కరిగి ఉన్న తొట్టెలు కావాలి. కొన్నేళ్ళకు ఆ తొట్టెల లోపలి పూత పాడైపోతుంది. పాడైన పూతలో ఫ్లోరైడ్, సయనైడ్ రెండూ పేరుకుని ఉంటాయి. తొలి దశాబ్దాల్లో అలాంటి వ్యర్థాన్ని కర్మాగారం ఆవరణలోనే గుట్టగా పోశారు. వాన నీరు దిగి, దాని ఊట భూగర్భజలంలో కలిసి, పక్కనున్న చెట్లను కూడా దెబ్బతీసింది. తర్వాత గుట్టపై మట్టి కప్పు వేశారు. కర్మాగారం మూతపడ్డాక దీన్ని ఎలా శుభ్రం చేయాలన్నది పెద్ద ప్రశ్న అయింది. ఎంచుకున్న పరిష్కారం మొక్కలు కాదు, సూక్ష్మజీవులు కాదు. కింద, పైన నీరు దూరని పొరలు పరిచిన కట్టుదిట్టమైన గుంత కట్టి, గుట్టను తవ్వి అందులో పెట్టడం, ఊటను పట్టి శుద్ధి చేయడం. చెప్పుకోవడానికి అందంగా ఉండదు. కానీ ఫ్లోరైడ్ ఎక్కడుందో రేపటి తరానికి కూడా తెలిసేలా ఉంచే పద్ధతి అదే.

గాలిలోకి పోయిన ఫ్లోరైడ్ సంగతి విక్టోరియా రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్ చెబుతుంది. అక్కడ అల్యూమినియం కర్మాగారం 1980ల చివరలో మొదలైంది. పొగగొట్టం నుంచి వెలువడే హైడ్రోజన్ ఫ్లోరైడ్‌ను చుట్టుపక్కల గడ్డి, ఆకులు తమ రంధ్రాల గుండా పీల్చుకుంటాయి, ఆకు కొసల్లోనూ అంచుల్లోనూ పోగేసుకుంటాయి. ఒక రకంగా చూస్తే ఇది మొక్కలు చేస్తున్న శుద్ధే, గాలిలో ఉన్నది ఆకులోకి చేరింది. కానీ ఆ ఆకును కంగారూ తింటుంది. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయ పశువైద్య పరిశోధకులు ఆ ప్రాంతపు కంగారూల ఎముకలను, పళ్ళను పరీక్షించారు. కాళ్ళ ఎముకల మీద అదనపు ముద్దలు, కీళ్ళ దగ్గర పెరుగుదలలు, పళ్ళ మీద మచ్చలు, అరుగుదల కనిపించాయి. కోలా, వాలబీ, పోసమ్‌లలోనూ పంటి ఫ్లోరోసిస్ గుర్తులు దొరికాయి. నల్గొండ పల్లెల ఎక్స్‌రేలు చూసిన వైద్యుడికి ఆ ఎముకలను గుర్తుపట్టడం కష్టం కాదు. శత్రువు ఒక్కటే, మొక్క దాన్ని గాలి నుంచి జంతువుకు దాటించింది.

ఇప్పుడు మొక్కలతో నేలను శుభ్రం చేసే లెక్క వేయాలి. మామూలు నేలలో మొత్తం ఫ్లోరైడ్ కిలో మట్టికి సుమారు 300 మిల్లీగ్రాములు అనుకుందాం. ఎకరం పొలంలో పై ఇరవై సెంటీమీటర్ల మట్టి దాదాపు 1,050 టన్నులు. అందులో ఫ్లోరైడ్ 315 కిలోలు. ఏటా ఎకరానికి నాలుగు టన్నుల ఎండుమేత ఇచ్చే మొక్కను వేసి, అది కిలోకు 100 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ పోగేస్తుందని ఉదారంగా ఒప్పుకుందాం. చాలా మొక్కల్లో దీనికి పదో వంతే ఉంటుంది. అయినా ఏడాదికి బయటికి వచ్చేది 400 గ్రాములు. మొత్తం తీయాలంటే 780 ఏళ్ళు దాటుతుంది. మట్టిలో ఉన్నదంతా ప్రమాదం కాదు, ఎక్కువ భాగం ఖనిజాల్లో బంధించి ఉంటుంది, నీటిలో కరిగేది కొద్దిగానే. ఆ కొద్దిని తీస్తే చాలు కదా అని వాదించవచ్చు. కానీ కరిగింది పోగానే ఖనిజం నుంచి మరికొంత కరుగుతుంది.

నీటి లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. లీటరుకు 3 మిల్లీగ్రాములున్న బోరునీటిని 1 మిల్లీగ్రాముకు తేవాలంటే, వెయ్యి లీటర్లకు రెండు గ్రాముల ఫ్లోరైడ్ తీయాలి. పైన చెప్పిన మొక్కే అయితే అందుకు 20 కిలోల ఎండు మొక్క కావాలి. తాగడానికి, వంటకు రోజుకు 40 లీటర్లు వాడే కుటుంబానికి రోజూ 800 గ్రాముల ఎండు మొక్క. ఊరికంతటికీ ఎంత కావాలో ఎవరికి వారే వేసుకోవచ్చు.

ఫ్లోరైడ్‌ను ఇష్టంగా పోగేసే మొక్కలు లేకపోలేదు. తేయాకు వాటిలో ముందుంటుంది. ఆమ్ల నేలలో అల్యూమినియంతో కలిపి ఫ్లోరైడ్‌ను పైకి లాగుతుంది, ముదురు ఆకులో కిలోకు వెయ్యి మిల్లీగ్రాములు దాటేంతగా పోగేస్తుంది. కానీ దాన్ని జనం తాగుతారు. మనకు బాగా తెలిసిన సర్కారు తుమ్మ కూడా ఈ కోవలోకి వస్తుందని రాజస్థాన్ పరిశోధకులు 2012లో ప్రచురించారు. ఫ్లోరైడ్ ఉన్న నేలల శుద్ధికి దాన్ని వాడవచ్చని సూచించారు. ఆస్ట్రేలియాలో ఈ మాట ఎవరైనా అంటే పశుపోషకుడు ఒప్పుకోడు. మెస్కీట్ పేరుతో పిలిచే ఈ తుమ్మ వర్గం అక్కడ జాతీయ ప్రాధాన్య కలుపు మొక్కల జాబితాలో 1999 నుంచి ఉంది. పిల్బరా ప్రాంతంలోని మార్డీ స్టేషన్ అనే పశుక్షేత్రంలో అది కమ్మేసిన నేలను తిరిగి దక్కించుకోవడానికి ఏళ్ళుగా పోరాడుతున్నారు. పొలం గట్ల మీద సర్కారు తుమ్మ కొట్టి కొట్టి విసిగిన రాయలసీమ, పాలమూరు రైతుకు ఆ బాధ వేరే చెప్పక్కర్లేదు.

అయితే మొక్కలను, సూక్ష్మజీవులను పక్కన పెట్టేయమని ఈ లెక్కలు చెప్పడం లేదు. వాటికి తగిన పని ఎక్కడుందో చూపిస్తున్నాయి. ఫ్లోరిన్ కార్బన్‌తో ముడిపడి ఉన్న చోట వాటికి పని ఉంది. ఆస్ట్రేలియా ఇప్పుడు పెద్ద ఎత్తున ఎదుర్కొంటున్నది అలాంటి సమస్యనే. 1970ల నుంచి సైనిక స్థావరాల్లో మంటలార్పే నురుగులో పీఫాస్ అనే రసాయనాలు వాడారు. వాటిలో కార్బన్ గొలుసు పొడుగునా ఫ్లోరిన్ పరమాణువులు ఉంటాయి. న్యూకాజిల్ దగ్గరి విలియమ్‌టౌన్, క్వీన్స్‌లాండ్‌లోని ఓకీ, నార్తర్న్ టెరిటరీలోని కేథరిన్ పట్టణాల్లో ఆ నురుగు భూగర్భజలంలోకి దిగింది. బోరునీళ్ళు తాగవద్దని, తోట కూరగాయలు తినవద్దని జనానికి చెప్పవలసి వచ్చింది. 2020లో ఆ మూడు ప్రాంతాల వారికి ప్రభుత్వం 21.25 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లు పరిహారం ఇచ్చేందుకు ఒప్పుకుంది. 2023లో మరో ఏడు ప్రాంతాలకు 13.27 కోట్ల డాలర్ల ఒప్పందం కుదిరింది.

అడిలైడ్‌లోని దక్షిణ ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయంలో జాన్ అవాద్ బృందం, ఇతర సంస్థలతో కలిసి, నీటిపై తేలే తెప్పల మీద స్థానిక మొక్కలు పెంచి చూసింది. వాన నీటి కాలువల్లోని పీఫాస్‌ను ఏ మొక్క బాగా పీలుస్తుందని పరీక్షిస్తే కిక్కిస జాతి గడ్డి ముందు నిలిచింది. మన చెరువు గట్ల మీద పెరిగే కిక్కిసకు అది దగ్గరి చుట్టం. 2022లో ప్రచురించిన ఫలితాల ప్రకారం నీటిలోని పీఫాస్‌లో 42 నుంచి 53 శాతం దాకా తగ్గింది. ఇది చిన్న విషయం కాదు. కరెంటు అక్కర్లేని, పంపు అక్కర్లేని పద్ధతి. కానీ ఇక్కడా మొక్క పీఫాస్‌ను విరవలేదు, తనలోకి తీసుకుంది. గడ్డిని కోసి, పశువుల నోటికి అందకుండా, సరైన పద్ధతిలో నాశనం చేయాలి. అమెరికాలో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి చెందిన పీటర్ జాఫే బృందం చిత్తడి నేలలోంచి తీసిన అసిడిమైక్రోబియం ఏ6 అనే బాక్టీరియా వంద రోజుల్లో పీఫాస్‌లో 60 శాతం దాకా తొలగించిందని 2019లో ప్రకటించింది. ప్రయోగశాల సీసా నుంచి కలుషిత నేల దాకా రావడానికి దూరం ఉంది. అయినా ఆశ పెట్టుకోదగిన దారి ఇది. ఎందుకంటే ఇక్కడ విరవడానికి ఒక ముడి ఉంది.

ఫ్లోరైడ్ విషయంలో సూక్ష్మజీవులు చేయగలిగిన పని ఒకటుంది: దాన్ని కదలకుండా కూర్చోబెట్టడం. యూరియాను విరిచే కొన్ని బాక్టీరియాలు నీటి క్షారగుణాన్ని పెంచి, కాల్షియాన్ని గట్టిపడేలా చేస్తాయి. ఆ గట్టిపడే ఖనిజంలో ఫ్లోరైడ్ కూడా చిక్కుకుంటుంది. ఇది ఇంకా ప్రయోగశాలల్లోనే ఉంది. కాల్షియం, ఫ్లోరైడ్ చుట్టరికం మాత్రం పాతది. బోరు నీటిలో ఫ్లోరైడ్ ఎందుకు ఎక్కువవుతుందో కూడా అదే చెబుతుంది. కాల్షియం ఎక్కువున్న నీటిలో ఫ్లోరైడ్ ఖనిజంగా కిందికి దిగుతుంది. సోడియం, బైకార్బనేట్ ఎక్కువై కాల్షియం తగ్గిన నీటిలో అది కరిగే ఉంటుంది. నల్గొండ గ్రానైట్ రాళ్ళ మధ్య నీరు అలాంటిది. ఆస్ట్రేలియా ఖండంలో అయిదో వంతు కింద, 17 లక్షల చదరపు కిలోమీటర్ల మేర విస్తరించిన గ్రేట్ ఆర్టీషియన్ బేసిన్‌లో చాలా చోట్ల నీరూ అలాంటిదే. 1878లో బర్క్ పట్టణం దగ్గర అక్కడ మొదటి బోరు వేశారు. దానంతట అదే పైకి ఉబికే నీటితో ఎడారి అంచుల్లో గొర్రెల మందలు పెరిగాయి. క్వీన్స్‌లాండ్‌లో ఆ బోరునీళ్ళు తాగిన మెరినో గొర్రెల పళ్ళు అరిగి, మేత నమలలేక చిక్కిపోవడాన్ని 1950ల నాటికి పశువైద్యులు నమోదు చేశారు. తెలుగునాట దర్శి, పొదిలి ప్రాంతంలో ఫ్లోరోసిస్‌ను వైద్యులు గుర్తించి 1937లో ప్రచురించారు. అప్పుడది నెల్లూరు జిల్లా.

ఇదే ఆస్ట్రేలియా 1953లో టాస్మేనియాలోని బీకన్స్‌ఫీల్డ్‌తో మొదలుపెట్టి నగరాల తాగునీటిలో ఫ్లోరైడ్ కలుపుతూ వస్తోంది, పళ్ళు పుచ్చకుండా. లీటరుకు ఒక మిల్లీగ్రాము అటూ ఇటూ. గరిష్ఠ పరిమితి 1.5 మిల్లీగ్రాములు. ఆ దేశపు ఎడారి మధ్యలోని కొన్ని ఆదివాసీ ఊళ్ళకు వచ్చే బోరునీరు ఆ గీతను దాటుతుంది. ఒకే దేశంలో ఒకచోట కలుపుతున్నారు, మరోచోట తీయడానికి డబ్బు వెతుకుతున్నారు. ఎడారి ఊరి పిల్లల పళ్ళు నగరపు పిల్లల పళ్ళకన్నా తక్కువవి కావు. అక్కడి ప్రభుత్వానికి ఇది చెప్పవలసిన మాటే.

తీయడానికి పనికొచ్చే పద్ధతులు పాతవే. నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను మడ్డిగా దించే 'నల్గొండ పద్ధతి'ని రూపొందించింది. ఆఫ్రికాలో కాల్చిన ఎముకల బొగ్గు వాడతారు. యాక్టివేటెడ్ అల్యూమినా ఉంది, పొరల వడపోత ఉంది. అన్నింటికన్నా మేలైనది ఆ బోరును వదిలేసి వేరే చోటి మంచినీళ్ళు తేవడం. కృష్ణా నీళ్ళు నల్గొండ పల్లెలకు చేరిన తర్వాత పుట్టిన పిల్లల్లో వచ్చిన మార్పు ఏ మొక్కా తేలేదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 2002లో ఒక ఆసక్తికరమైన విషయం ప్రచురించారు: చింతపండు తిన్నవారి మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోతోంది. మొక్క చేసే మేలంటే ఇలాంటిది, శరీరానికి కొంత ఊరట. చింతపండు చారు తాగితే చాలు, బోరునీళ్ళు తాగవచ్చని మాత్రం దానర్థం కాదు.

తులసి ఆకు, మునగ గింజ, సర్కారు తుమ్మ, ఫలానా బాక్టీరియా పొడి అంటూ ఫ్లోరైడ్ పల్లెలకు పథకాలు వస్తూనే ఉంటాయి. అవి తెచ్చేవాళ్ళలో చాలామంది మంచి మనసుతోనే తెస్తారు. అలాంటి పథకం మీ గ్రామసభకు వస్తే రెండు విషయాలు రాతపూర్వకంగా అడగండి. వెయ్యి లీటర్లకు ఎన్ని గ్రాముల ఫ్లోరైడ్ తీస్తారు? తీసిన ఫ్లోరైడ్‌ను, కోసిన మొక్కను, మిగిలిన మడ్డిని ఎక్కడ పెడతారు? ఈ రెండింటికీ అంకెలతో జవాబు రాకపోతే, ఆ డబ్బును నీటి పరీక్షకు, మంచినీటి పైపుకు పెట్టమని తీర్మానం చేయండి.